ఒకే బోరింగ్ నీళ్లు తాగినా అందరి నడుములూ ఎందుకు వంగలేదు?

నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో యాభై ఏళ్లు దాటినవాళ్లకు ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ ఉండదు. గారపళ్లు, పట్టేసిన మెడ, వంగిన నడుము, వంకర తిరిగిన కాళ్లు. ఎందుకిలా అంటే అందరిదీ ఒకటే జవాబు: "నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంది." జవాబు తప్పు కాదు. కానీ ఒకే వాడలో, ఒకే బోరింగ్ నీళ్లు తాగి పెరిగిన ఇద్దరిలో ఒకరికి పళ్ల మీద మరకలతో సరిపోయి, ఇంకొకరు కర్ర లేనిదే లేవలేని స్థితికి వస్తే ఆ జవాబు చాలదు. కారణం పేరు తెలియడం వేరు, అది ఒంట్లో ఏం చేస్తుందో తెలియడం వేరు.

బడిలో జీవశాస్త్రం మొదలుపెట్టేటప్పుడు పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అని నాలుగు మాటలు బట్టీ పట్టిస్తారు. రెండు మార్కుల ప్రశ్న అది. ఆ వెంటనే కార్బన్, నీరు, ప్రొటీన్లు, ఎంజైములు అంటూ ఇంకో పాఠం వస్తుంది. మొదటిదానికీ రెండోదానికీ సంబంధం ఉన్నట్టు పిల్లలకు ఎక్కడా అనిపించదు. నల్గొండ నీళ్ల సంగతి తీసుకుంటే మాత్రం ఒకటి లేకుండా ఇంకొకటి అర్థం కాదు.

ఫ్లోరైడ్‌ను దోషిగా పట్టుకోవడానికే ముప్పై ఏళ్లు పట్టింది, అదీ అమెరికాలో. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడివాళ్ల పళ్ల మీద గోధుమ రంగు మరకలు చూశాడు. స్థానికులు ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. కొందరు తిండి అన్నారు, కొందరు పాలు అన్నారు. 1909 నుంచి పేరున్న దంతవైద్యుడు జి.వి. బ్లాక్ కూడా మెకేతో కలిశాడు. ఇద్దరూ గమనించిన విషయాల్లో ఒకటి చాలా కీలకమైంది. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు, పసితనంలో అక్కడికి వచ్చినవాళ్లకు మరకలున్నాయి. పెద్దయ్యాక వచ్చి స్థిరపడినవాళ్లకు లేవు. అంటే మరక బయటి నుంచి అంటుకున్నది కాదు, పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే ఏదో జరుగుతోంది. వంశపారంపర్యం అనే అనుమానానికి కూడా ఇక్కడే బలం తగ్గింది. అన్ని కుటుంబాలకూ ఒకే ఊళ్లో ఒకే వారసత్వం ఉండదు కదా.

1920ల్లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరి నుంచి మెకేకు పిలుపు వచ్చింది. ఒక వేడినీటి ఊట నుంచి ఊరికి పైపు వేసిన తర్వాతే పిల్లల పళ్లు పాడవుతున్నాయని అక్కడి తల్లుల గమనింపు. మెకే ఆ నీళ్లను పరీక్ష చేయిస్తే ఏ లోపమూ కనబడలేదు. అయినా ఆ ఊట వదిలేసి వేరే నీళ్లు వాడమన్నాడు. కొన్నేళ్లకు ఆ ఊరి చిన్నపిల్లలకు వచ్చిన శాశ్వత దంతాలు తెల్లగా ఉన్నాయి. నీళ్లలో ఏముందో ఎవరికీ తెలియదు, కానీ నీళ్లే కారణమని తేలిపోయింది. పరికల్పనను పరీక్షించడమంటే ఇదే. అనుమానించినదాన్ని తీసేసి, మిగతావి అలాగే ఉంచి, ఏం మారుతుందో చూడడం.

ఆ "ఏముందో" 1931లో బయటపడింది. ఆర్కన్సా రాష్ట్రంలో బాక్సైట్ అనే గని ఊరికి కూడా ఇదే బాధ. ఆ గని అల్యూమినియం కంపెనీది. తమ లోహం మీదికి నింద వస్తుందేమోనని ఆ కంపెనీ రసాయన శాస్త్రవేత్త హెచ్.వి. చర్చిల్ ఆ నీళ్లను మామూలుగా కాకుండా, వెలుగును విడదీసి ఏ మూలకాలున్నాయో చెప్పే స్పెక్ట్రోగ్రాఫ్‌తో పరీక్షించాడు. లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ తేలింది. అప్పటిదాకా నీటి పరీక్షల్లో ఫ్లోరైడ్ కనబడకపోవడానికి కారణం అది లేకపోవడం కాదు, దాని కోసం ఎవరూ వెతకకపోవడం. బోరు వేయించినప్పుడు "టెస్ట్ రిపోర్ట్ బాగానే ఉంది" అని ఊరుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. రిపోర్టులో ఏ ఏ పరీక్షలు చేశారో చూడకపోతే ఆ కాగితానికి విలువ లేదు.

మన వైపు పళ్లతో కాదు, ఎముకలతో మొదలైంది. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ ఎముకల జబ్బును వర్ణించారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలవి, తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసినవి. నల్గొండ జిల్లా రోగుల గురించి సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పుట్టినప్పటి నుంచీ ఊరి బావి తప్ప ఇంకో నీళ్లు ఎరగనివాళ్లు, వెన్నెముక అంతా బిగుసుకుపోయి పక్కకు తిరగాలంటే మొత్తం ఒళ్లు తిప్పాల్సినవాళ్లు. మరక నుంచి వెన్నెముక దాకా జబ్బు ఎలా పాకుతుందో తెలియాలంటే ఇక రసాయన శాస్త్రంలోకి దిగాల్సిందే.

ముందు రాయి. దక్షిణ తెలంగాణ నేల కింద ఎక్కువగా ఉన్నది పాత గ్రానైటు. దేవరకొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా కనిపించే గుట్టలు, పరుపుబండలు అవే. ఆ రాయిలో ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఇమిడి ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్లు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి రాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. అయితే ఫ్లోరైడ్ ఉన్న గ్రానైటు ఉన్నంత మాత్రాన నీళ్లు చెడిపోవు. కాల్షియం దండిగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ నిలవలేదు, రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దిగుతాయి. చౌడు నేలల్లో జరిగేది దీనికి ఎదురు. అక్కడ నీటి కాల్షియం సున్నపు గడ్డలుగా మట్టిలో చిక్కుకుపోతుంది. నీళ్లలో సోడియం, బైకార్బనేటు మిగులుతాయి. అలాంటి నీళ్లలో ఫ్లోరైడ్‌ను పట్టుకొని కిందికి దించేవాళ్లు లేరు. అందుకే ఒక బావిలో ఎక్కువ ఉండి, నాలుగు అడుగుల దూరంలో ఉన్న ఇంకో బావిలో తక్కువ ఉండడం ఇక్కడ వింత కాదు. బోరు ఎంత లోతుకు పోతే అంత పాత నీళ్లు పైకి వస్తాయి, రాతితో అంత ఎక్కువ కాలం కాపురం చేసిన నీళ్లు.

ఇప్పుడు ఒంట్లోకి వద్దాం. మనిషి బరువులో దాదాపు 96 శాతం కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ అనే నాలుగు మూలకాలదే. మిగతాదాంట్లో పెద్ద వాటా కాల్షియం, ఫాస్ఫరస్‌లది. ఎముకలూ పళ్లూ వాటితోనే కట్టి ఉంటాయి. ఈ జాబితాలో ఫ్లోరిన్ లెక్కకు కూడా రాదు. మరి అది లోపలికి ఎలా దూరుతుంది?

కణం చుట్టూ ఉండే పొర కొవ్వు పదార్థంతో చేసింది. విద్యుదావేశం ఉన్న అయాన్లను అది సులభంగా రానివ్వదు. ఫ్లోరైడ్ కూడా అయానే. కానీ జీర్ణాశయంలో గట్టి ఆమ్లం ఉంటుంది. అక్కడ ఫ్లోరైడ్ ఒక హైడ్రోజన్‌ను జత చేసుకొని, ఆవేశం లేని హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారిపోతుంది. ఆవేశం పోయింది కాబట్టి పొర దాటేస్తుంది. రక్తంలోకి వెళ్లాక ఆమ్లం ఉండదు, మళ్లీ అయాన్ అవుతుంది. తాగిన ఫ్లోరైడ్‌లో కొంత ఇలా జీర్ణాశయం నుంచే, మిగతాది చాలావరకు చిన్న పేగు నుంచి రక్తంలో చేరుతుంది. అదే సమయంలో కడుపులో పాలో పెరుగో ఉంటే కొంత ఫ్లోరైడ్ కాల్షియంతో ముడిపడి పీల్చుకోకుండా పోతుంది. నేల కింద బావిలో జరిగిన రసాయన చర్యే ఇక్కడ కడుపులో జరుగుతోంది.

రక్తంలోకి వచ్చినదాంట్లో పెద్దవాళ్లకైతే సుమారు సగాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. మిగతాది ఎముకకు పోతుంది. ఎదిగే పిల్లల్లో ఎముకకు పోయే వాటా ఇంకా ఎక్కువ. ఒంట్లో నిలిచిన ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఎందుకంటే ఎముకలోని ఖనిజం హైడ్రాక్సీఅపటైట్: కాల్షియం, ఫాస్ఫేటు, వాటి మధ్య వరుసగా హైడ్రాక్సైడ్ అయాన్లు. ఫ్లోరైడ్ పరిమాణం, ఆవేశం దాదాపు హైడ్రాక్సైడ్‌వే. అందుకని దాని చోట్లో ఇట్టే కూర్చుంటుంది. కూర్చున్నాక స్ఫటికం మరింత గట్టిగా, కరగకుండా తయారవుతుంది. తక్కువ మోతాదులో పళ్లు పుచ్చకుండా ఫ్లోరైడ్ కాపాడడానికి ఒక కారణం ఇదే. టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ ఎందుకు కలుపుతారని ఈ ప్రాంతంలో చాలామంది అడుగుతుంటారు. పేస్టు పంటి పైపైన పని చేయడానికి, ఉమ్మేయడానికి. మింగే అలవాటున్న చిన్నపిల్లలకు బఠాణీ గింజంత, మూడేళ్లు నిండని వాళ్లకు బియ్యపు గింజంత కంటే ఎక్కువ వేయకూడదన్నది అందుకే.

గట్టిపడితే మంచిదే కదా అనిపిస్తుంది. ఎముక ఖనిజం ఒక్కటే కాదన్నది మర్చిపోతే వచ్చే పొరపాటు అది. ఎముకలో కొల్లాజన్ అనే ప్రొటీన్ తాళ్లు అల్లుకొని ఉంటాయి, ఖనిజం వాటి మీద పేరుకుంటుంది. ఇది ఇంట్లో చూడొచ్చు. ఉడికించిన కోడి కాలి ఎముకలు రెండు శుభ్రం చేసి ఒకదాన్ని వెనిగర్‌లో, ఇంకోదాన్ని మామూలు నీళ్లలో వారం రోజులు ఉంచాలి. మధ్యలో వెనిగర్ మార్చాలి. ఆమ్లం ఖనిజాన్ని కరిగిస్తుంది, కొల్లాజన్ మిగులుతుంది, ఎముక రబ్బరులా వంగుతుంది. నీళ్లలో ఉన్నది వంగదు. చాలామంది రెండో ఎముకను వదిలేస్తారు. అది లేకపోతే నానడం వల్ల వంగిందో, ఆమ్లం వల్ల వంగిందో చెప్పలేం. కంట్రోల్ అంటే ఆ రెండో ఎముకే. ఎముకను నిప్పుల్లో కాలిస్తే దీనికి తలకిందులుగా జరుగుతుంది. కొల్లాజన్ కాలిపోయి ఖనిజం మాత్రం మిగులుతుంది, పట్టుకుంటే పొడి పొడి అవుతుంది.

ఫ్లోరైడ్ ఎక్కువైన ఎముక చిక్కనై బరువెక్కుతుంది కానీ పెళుసుగా ఉంటుంది. అంతటితో ఆగదు. ఖనిజం పేరుకోకూడని చోట పేరుకుంటుంది: వెన్నుపూసల మధ్య స్నాయువుల్లో, కండరాలు ఎముకకు అతుక్కునే చోట్లలో. వెన్నెముక బిగుసుకుపోవడం అందువల్లే. నాడులు వెళ్లే దారి ఇరుకైతే కాళ్లు చచ్చుబడతాయి. పళ్ల విషయంలో దారి వేరు. పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్ తయారయ్యేటప్పుడు ముందు వేసిన ప్రొటీన్ ముసుగు తొలగిపోవాలి. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ తొలగింపు ఆలస్యమై, ఎనామెల్ లోపల సన్నని రంధ్రాలు మిగులుతాయి. తర్వాత వాటిలోకి రంగు ఎక్కుతుంది. ఒకే పదార్థం ఒక చోట ఎక్కువ గట్టిదనం, ఇంకో చోట బోలుదనం తెస్తోందన్నమాట.

ఇక్కడ మోతాదు సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే దీని మీద అపోహలు బాగా నడుస్తాయి. షుగర్ పరీక్షకు వెళ్తే రక్తాన్ని బూడిద రంగు మూత ఉన్న ట్యూబులోకి తీస్తారు. అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. రక్తకణాలు ట్యూబులో కూడా బతికే ఉండి గ్లూకోజును తినేస్తుంటాయి. ఫ్లోరైడ్ ఆ పనిలో ఇనోలేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది, చక్కెర తరగడం ఆగుతుంది. "చూశారా, ఎంజైములనే ఆపేస్తుంది" అని దీన్ని చూపించి ఒంట్లో ప్రతి జబ్బునూ ఫ్లోరైడ్‌కు అంటగట్టేవాళ్లున్నారు. ఆ ట్యూబులో ఉండేది లీటరు లెక్కన వెయ్యి మిల్లీగ్రాముల చుట్టుపక్కల. చెడ్డ బోరు నీళ్లు తాగే మనిషి రక్తంలో మామూలుగా లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ట్యూబులో జరిగింది నరంలో జరుగుతుందని దీంతో తేలదు.

మోతాదు తెలిస్తే మొదటి ప్రశ్నలో సగం విడిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం 1, వేరే దారి లేనప్పుడు 1.5. ఈ అంకెలు లీటరుకు చెప్పినవి, మనిషికి చెప్పినవి కావు. రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి 1.5 అంటే 3 మిల్లీగ్రాములు. మే నెల ఎండలో ఉపాధి పనికి పోయి ఐదు లీటర్లు తాగే మనిషికి అవే నీళ్లు ఏడున్నర మిల్లీగ్రాములిస్తాయి. నీడన కూర్చునే పనికీ, మట్టి పనికీ ఉన్న తేడా ఎముక మీద పడుతుంది. కిడ్నీలు సరిగా పని చేయనివాళ్లకు బయటికి పోయేది తగ్గుతుంది. ఇంట్లో పాడి ఉండి పాలు పెరుగు తిన్నవాళ్లకు, గంజి నీళ్లతో సరిపెట్టుకున్నవాళ్లకు కాల్షియంలో తేడా. ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, పేదవాళ్లను ఎక్కువగా వంచిందంటే అది కేవలం నీళ్ల దోషం కాదు.

మిగతా సగం 1970ల్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులను ఆలోచనలో పడేసింది. నల్గొండలో పిల్లలు, కుర్రవాళ్లు కొందరికి మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి ఈ రోగుల గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఇది పాత వర్ణనలకు సరిపోలేదు. ఫ్లోరైడ్ ఎముకను చిక్కన చేయాలి, ఈ పిల్లల కాళ్ల ఎముకలు పలచబడి ఉన్నాయి. ఫ్లోరైడ్ ఎప్పటినుంచో ఉంది, కాళ్లు ఇప్పుడెందుకు వంగుతున్నాయి?

కొత్తగా వచ్చింది నాగార్జునసాగర్. 1955లో పునాది రాయి, 1967లో కాలువలకు నీళ్లు. చుట్టుపక్కల నేలలో నీటిమట్టం పెరిగింది, నేలలో క్షారత పెరిగింది. క్షార నేలలో పంటలు మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. అప్పట్లో ఇక్కడి ప్రధానమైన తిండి జొన్న. దేవస్థలే, గోపాలన్‌లు 1974లో ప్రచురించిన ప్రయోగంలో మాలిబ్డినం ఎక్కువున్న జొన్న తిన్నవాళ్ల మూత్రంలో రాగి ఎక్కువగా పోయింది. రాగికీ ఎముకకూ ఏం సంబంధం? కొల్లాజన్ తాళ్లను ఒకదానితో ఒకటి ముడివేసే ఎంజైము ఒకటుంది, లైసిల్ ఆక్సిడేజ్. రాగి లేకపోతే అది పని చేయదు. ముడులు పడని కొల్లాజన్ మీద ఫ్లోరైడ్ పట్టిన ఖనిజం, దానికి తోడు కాల్షియం కరువు. ఆనకట్ట నుంచి మోకాలి దాకా గొలుసు అందంగా కుదిరింది.

అందంగా కుదిరిందన్నదే అనుమానించాల్సిన చోటు. గొలుసులో ఒక్కో లంకెకూ విడిగా ఆధారం ఉంది. అన్నీ కలిసి ఈ పిల్లల్లో ఈ పని చేశాయని చెప్పాలంటే ఒకటి మార్చి మిగతావి అలాగే ఉంచి చూడాలి. అది కుదరలేదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది, జొన్న రొట్టె పక్కకు పోయింది. కాలువలొచ్చాయి, పాల కేంద్రాలొచ్చాయి, తాగే నీళ్లు మారాయి. అన్నీ ఇంచుమించు ఒకేసారి మారిన చోట ఏది దేనికి కారణమో విడదీయడం కష్టం. ఇది మంచి పరికల్పనగానే నిలుస్తుంది. దాన్ని నిరూపితమైన నిజంలా "డ్యామ్ వల్లే కాళ్లు వంగాయి" అని రాసేసే వ్యాసాలు తొందరపడుతున్నట్టే. కాల్షియం లోటు వంకర్లను పెంచుతుందన్న దానికి మాత్రం ఆధారాలు బలంగా ఉన్నాయి.

విడదీసి చూడడం ఎలా ఉంటుందో చింతపండు చెబుతుంది. చారు తాగితే ఫ్లోరైడ్ పోతుందన్న మాటను అదే సంస్థ పరిశోధకులు పరీక్షకు పెట్టారు, 2002లో ఫలితాలొచ్చాయి. ఒక హాస్టల్ మగపిల్లలను తీసుకొని, తిండి అంతా ఒకే రకంగా ఉంచి, కొందరికి మాత్రం మధ్యాహ్న భోజనంలో పది గ్రాముల చింతపండు 18 రోజులపాటు ఇచ్చారు. తిన్నవాళ్ల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. బాగుంది. కానీ కొలిచింది మూత్రాన్ని, నడుమును కాదు. వంగిన వెన్ను చింతపండుతో సాఫీ అవుతుందని ఆ ప్రయోగం అనలేదు. వాట్సాప్‌లో తిరిగే సందేశాలు అంటాయి.

నీళ్లను బాగు చేసే పద్ధతికి ఈ జిల్లా పేరే ఉంది. 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్గొండ టెక్నిక్‌లో నీళ్లకు సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పటికలోని అల్యూమినియం తెట్టెలా విరిగి ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతుంది. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా వాడారు. చౌక, కానీ మోతాదు ప్రతి బావికీ వేరుగా లెక్కగట్టాలి. తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, బురదను ఎక్కడ పారబోయాలన్నది ఇంకో తలనొప్పి. నీళ్లు కాచడం వల్ల లాభం లేదు, ఆవిరి పోయి ఫ్లోరైడ్ ఇంకా చిక్కనవుతుంది. క్లోరిన్ దాన్ని ముట్టుకోదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నట్టు రుచిలో, రంగులో తెలియదు.

నీళ్ల కోసం ఇక్కడివాళ్లు పడ్డ పాట్లలో ఒకటి దేశమంతా చూసింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో తమ నీళ్ల గోడు వినిపించడానికి నల్గొండ నుంచి 480 మంది పోటీ చేశారు, బ్యాలెట్ పత్రం పుస్తకమైంది.  2016లో మొదలైన మిషన్ భగీరథ పథకంలో కృష్ణా నీళ్లు పైపుల్లో ఊళ్లకు వచ్చాయి. పని చేసిందా లేదా అన్నదాని మీద మైకుల్లో వాదనలు చాలానే నడిచాయి. దానికి రాజకీయ సభ అక్కర్లేదు. శాశ్వత దంతాల్లో పై ముందు పళ్ల ఎనామెల్ పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ల లోపు తయారై, ఏడెనిమిదేళ్లకు బయటికి వస్తుంది. 2018లో పుట్టిన పిల్లల ముందు పళ్లు 2025 నుంచి కనబడతాయి. రెండు, మూడు తరగతుల పిల్లల నోళ్లు వరుసగా చూసి, అదే ఊళ్లో ఇంటర్ చదివేవాళ్ల పళ్లతో పోల్చితే సరి. చూసేవాళ్లకు ఏ పిల్లవాడు ఏ నీళ్లు తాగాడో ముందుగా తెలియకూడదు. ఆ తర్వాత ఇంట్లో అడగాల్సినవి ఉన్నాయి: నల్లా నీళ్లు తాగడానికి వాడారా లేక గిన్నెలకేనా, క్యాన్ నీళ్లు ఎప్పటినుంచి, వంటకు బోరు నీళ్లా, పొలం దగ్గర ఏవి, నల్లా రాని రోజు ఏవి.